నూట పద్దెనిమిది సైకిళ్లు, ఒక కొళాయి

ఒక ఆదివారం పొద్దున అనంతపురం నడిరోడ్డు మీద ధర్మవరం బస్సు ఇంజను ఆపుకుని నిలబడిపోయింది. దాని వెనక రెండు లారీలు, ఒక పాల వ్యాను, లెక్కలేనన్ని ఆటోలు ఆగిపోయాయి. లెక్కలేనన్ని అని రాయడానికి నా చెయ్యి ఒప్పుకోవడం లేదు గానీ, ఆ రోజు నేను ఆటోలు లెక్కపెట్టే స్థితిలో లేను. అవన్నీ ఆగడానికి కారణం ప్రమాదం కాదు, ధర్నా కాదు, మంత్రిగారి రాక కాదు. కారణం నేను. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే నా ఎడమ చెయ్యి. ఆ చెయ్యి మూరెడు పక్కకు చాచినందుకు ఎంత ఉపద్రవం జరిగిందో చెబుతాను. నవ్వుకుంటే నవ్వుకోండి, మధ్యలో ఆపి సలహాలు మాత్రం ఇవ్వకండి. ఆ పని అప్పట్లోనే మా సందువాళ్లు కావలసినంత చేశారు.

ఇది ఆరేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు అరవై రెండు. ఒట్టి చిన్నతనం, లోకజ్ఞానం లేని వయసు.

నేను ప్రభుత్వ ఆఫీసులో లెక్కలు చూసి రిటైరైన మనిషిని. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆఫీసుకు సైకిల్ మీదే వెళ్లాను. ఒంటరిగా సైకిల్ తొక్కే మనిషికి రోడ్డు మీద దక్కే మర్యాద ఎలాంటిదో నన్నడగండి. లారీ చెవిలో హారన్ కొడుతుంది. ఆటో మోచేతిని రాసుకుంటూ పోతుంది. బస్సుకైతే మనం కనపడనే కనపడం. పెళ్లి పందిట్లోకి దారితప్పి వచ్చిన కోడిపిల్లను చూసినట్టు చూస్తారు అందరూ. అందుకే రిటైరైన రోజున సైకిల్‌ను వసారాలో గోడకు ఆనించి, ఇక నీకూ నాకూ ఈ అవమానాలు చాలు అని చెప్పాను.

తర్వాత కొన్నాళ్లకు మా వీధి చివరి బేకరీలో రొట్టె కొంటూ ఉంటే, గోడ మీద సైకిళ్ల బొమ్మ కనిపించింది. బేకరీ నడిపే కుర్రవాడు ఖాజా. ప్రతి ఆదివారం పొద్దున ఊళ్లో సైకిళ్లున్న వాళ్లందరినీ మైదానం దగ్గర పోగుచేసి, గుంపుగా ఊరు చుట్టిస్తున్నాడట.

"ఏంటికప్పా ఇంతమంది ఒకేసారి పోయేది? పందెమా?" అని అడిగాను.

"పందెం కాదమ్మా. ఒగడు సైకిల్ మీద పోతే అడ్డం అంటారు. వందమంది పోతే మెరవణి అంటారు, పక్కకు తప్పుకొని దోవ ఇస్తారు. వారానికొక తూరి ఊరికి గుర్తు చేస్తాండాం, ఈ రోడ్డు మాది కూడా అని."

మెరవణి అంటే మా వైపు ఊరేగింపు. ఇన్నేళ్లు నేను తిన్న హారన్లన్నిటికీ ఎవరో లెక్క చెప్పినట్టు అనిపించింది ఆ మాట. తర్వాతి ఆదివారానికి నా సైకిల్‌కి గాలి కొట్టించాను.

మీలో ఎవరైనా గుంపు సైకిళ్లలో తొక్కి ఉంటే తెలుస్తుంది, దానికొక పద్ధతి ఉంది. ముందర వెళ్లే సైకిల్‌కి పసుపు జెండా, చిట్టచివరి సైకిల్‌కి ఎర్రజెండా. పసుపు జెండాను ఎవరూ దాటకూడదు. ఎర్రజెండా కన్నా ఎవరూ వెనకబడకూడదు. గుంపులో అందరికన్నా మెల్లగా తొక్కేవాళ్ల వేగమే అందరి వేగం. ఇద్దరిద్దరుగానే వెళ్లాలి, మూడోవాడు పక్కన చేరాడంటే కబుర్లు మొదలవుతాయి, కబుర్లు మొదలైతే రోడ్డు మరిచిపోతారు. కూడళ్ల దగ్గర ఒకరు దిగి సైకిల్ అడ్డంగా నిలిపి, ఎర్రజెండా దాటేదాకా బండ్లను ఆపాలి. ఆగినవాళ్లకు దండం పెట్టాలి, ఎందుకంటే వాళ్లు మనకు బాకీ లేరు. ముందరివాళ్లకు రోడ్డు మీద ఏది కనిపిస్తే అది కేకేయాలి, వెనకవాళ్లు ఆ కేక అందుకుని ఇంకా వెనక్కి పంపాలి. ముందర "గుంత" అంటే ఆ గుంత నోటి నుంచి నోటికి దొర్లుకుంటూ చివరి సైకిల్ దాకా వెళుతుంది. ముందరి జెండా ఏ వైపు చెయ్యి చాస్తే అందరూ ఆ వైపు చెయ్యి చాచి, ఆ వైపే తిరగాలి.

ఇంత చక్కని పద్ధతిని ఖాజా ఏదో మెత్తగా, నవ్వుతూ, బతిమాలినట్టు చెప్పేవాడు. చూసి నా ప్రాణం విలవిల్లాడేది. రెండు నెలలు తిరక్కుండానే నేను ఆ గుంపుకు అడగని ఆడిటరునయ్యాను. జెండాకు ఒక చక్రం ముందుకు వచ్చినవాణ్ణి వెనక్కి పంపాను. ముగ్గురు వరసగా వస్తుంటే నా సైకిల్‌ను వాళ్ల మధ్యలోకి దూర్చాను. ఒకాయన కుక్క లేచి వెళ్లిపోయాక "కుక్క" అని కేకేశాడు. లేని కుక్కను ఉన్నట్టు చూపినందుకు టీ తాగే చోట ఆయన్ని నిలదీశాను. ఆయన ఊళ్లో పేరున్న పళ్ల డాక్టరని తర్వాత తెలిసింది. ఇప్పటికీ నాకు పన్ను నొప్పి వస్తే వేరే డాక్టరు దగ్గరికే వెళతాను.

చివరికి ఖాజా పసుపు జెండా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"అమ్మా, వచ్చే ఆదివారం నువ్వే ముందర పో. నేను ఎనక ఎర్రజెండా పట్టుకుంటా."

"నాకెందుకప్పా పెద్దరికం."

"పెద్దరికం కాదమ్మా. నువ్వు ముందర పోతాంటే ఎనక ఎవరు తప్పు చేస్తాండారో నీకు కనపడదు. రోంత నిమ్మళంగా ఉంటాం."

అది గౌరవమే అనుకున్నాను నేను. చెప్పాను కదా, చిన్నతనం.

ఇక్కడ మా సందు గురించి, మా నీళ్ల గురించి చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. మా సందు పెద్దరోడ్డు నుంచి ఎడమకు చీలి, రెండు సైకిళ్లు పక్కపక్కన పట్టేంత సన్నంగా సాగి, ఒక గోదాము గోడకు తగిలి ఆగిపోతుంది. అవతలికి దారి లేదు. నేల ఆ గోడ వైపుకే వాలు. కాబట్టి ఎండాకాలంలో ఇళ్లలోని కొళాయిలకు నీళ్లెక్కవు, గోడ దగ్గరున్న వీధి కొళాయిలో మాత్రమే వస్తాయి. అవి కూడా నాలుగు రోజులకొకసారి, గంటో గంటంబావో. సందు మొత్తం బిందెలు పట్టుకుని అక్కడికి వచ్చి మోసుకుపోవాల్సిందే. మా ఇల్లు గోడ పక్కనే, కొళాయికి నాలుగు అడుగుల్లో ఉంది. లక్ష్మిదేవి ఇల్లు సందు మొదట్లో, పెద్దరోడ్డును ఆనుకుని ఉంది. లక్ష్మిదేవి నాకన్నా పదేళ్లు చిన్నది. నన్ను అక్కా అంటుంది, నేను చెప్పిన ఒక్క మాట వినదు.

ఆ ఆదివారం పొద్దున పదిన్నరకు లక్ష్మిదేవి కూతురు సుజాతకు సీమంతం. ముందు రోజు సాయంత్రం లక్ష్మిదేవి మా గడపలో కూర్చుని నుదురు కొట్టుకుంది.

"కదిరి నుంచి మా వియ్యంకులు వస్తాండారక్కా. తొట్టిలో రెండు చెంబులు కూడా లేవు. ట్యాంకరోడు సోమవారం దాకా రానంటాండాడు. రేపు కొళాయి తప్పితే, వచ్చినోళ్లకు కాళ్లు కడుక్కోను కూడా నీళ్లు లేని ఇంట్లో కోడల్ని వదిలేది లేదని తోలుకొనిపోతారు. నా పరువు ఏం గావాల?"

"ఎనిమిదింటికి కొళాయి వస్తుంది. నేను ఏడున్నరకు సైకిల్ మీంచి దిగేస్తా. ఇద్దరం కలిసి మోద్దాం," అని ధైర్యం చెప్పాను. మా ఆయనకు కూడా చెప్పాను, నేను వచ్చేలోపు కొళాయి మీద ఒక చెవి వేసి ఉంచమని. మా ఆయన మంచివాడు. ఎంత మంచివాడంటే, కిందటి తడవ కొళాయి వచ్చినప్పుడు, మనకంటే అవసరమున్నవాళ్లు ఉన్నారేమోనని పక్కన నిలబడి, నీళ్లు ఆగిపోయేదాకా అందరికీ దారి ఇచ్చాడు.

ఆదివారం పొద్దున ఆరుగంటలకు మైదానంలో గుంపు నిలబడింది. నేను కాక నూట పద్దెనిమిది సైకిళ్లు. ఖాజా వందకు పైన అన్నాడు, నేను సరిదిద్దాను. తర్వాత పసుపు జెండా వెనక కట్టుకుని, నలుగురికీ వినపడేలా ఉపన్యాసం ఇచ్చాను.

"ఈరోజు ముందరి జెండా నాది. నేను ఎటు చెయ్యి చాస్తే అటు తిరగాల. యాడికి, ఏంటికి అని అడిగేది లేదు. మధ్యలో సందు వదిలేది లేదు. ఆగి ఆలోచించేది అసలే లేదు. అర్థమైందా?"

నా వెనక మొదటి వరసలో శిరీష అనే కాలేజీ పిల్ల ఉంది. "ఆంటీ, మీరు గుంతలో పడితే?" అంది.

"వరసగా పడండి," అన్నాను.

అందరూ నవ్వారు. ఆ నవ్వులో నేను గర్వంతో బూరెలా ఉబ్బాను. బయలుదేరాం. ఆ రోజు మా గుంపును మీరు చూసి ఉండాల్సింది. టవర్ క్లాక్ దగ్గర పోలీసాయన కూడా తన ఈల నోట్లోంచి తీసి చూశాడు. ఇద్దరిద్దరుగా, గీత గీసినట్టు, ఒక్క చక్రం అటూ ఇటూ కాకుండా. "స్పీడు బ్రేకరు" అన్నానంటే ఆ మాట వెనక్కి తరంగంలా వెళ్లింది. చెయ్యి చాచానంటే నూట పద్దెనిమిది చేతులు లేచాయి. కదిలే బండి మీద కూర్చుని ఇంత అధికారం రాణులు కూడా అనుభవించి ఉండరు.

తిరుగు దారిలో పెద్దరోడ్డు మీద మా సందు మొగ దగ్గరికి వచ్చాం. అప్పటికి ఏడు దాటి పది నిమిషాలు. సందు మొగలో నేల మీద సన్నని తడి గీత కనిపించింది. ఇసకలో పాము పోయినట్టు, వంకరగా, ఇంకా ఆరని గీత. నిండు బిందె మోసుకుపోయినప్పుడు తొణికి పడే గీత అది.

నీళ్లొచ్చేశాయి. చెప్పిన వేళకు ముందే.

మీది నీళ్లున్న ఊరైతే నేను చెప్పేది మీకు నమ్మబుద్ధి కాదు. మా ఊళ్లో ఆ తడి గీత చూసిన ఆడదానికి ఇంకేదీ కనపడదు. జెండా లేదు, గుంపు లేదు, ఉపన్యాసం లేదు. లక్ష్మిదేవి ఖాళీ తొట్టి కనిపించింది, కొళాయి పక్కన నిలబడి అందరికీ దారి ఇస్తున్న మా ఆయన కనిపించాడు. నా ఎడమ చెయ్యి దానంతటదే లేచింది. ఎంత పద్ధతిగా లేచిందంటే, మోచెయ్యి వంగకుండా, అరచెయ్యి చాపి, మూడు సెకన్లు అలాగే ఉంచి, అప్పుడు తిరిగాను. ఇంటికి పోయే తొందరలో కూడా నేను పద్ధతి తప్పలేదు.

సందు చివరిదాకా తొక్కి, సైకిల్‌ను గోడకు ఆనించి, కొంగు నడుముకు దోపి, కొళాయి దగ్గరి బిందె మీద చెయ్యి వేశాను. అప్పుడు వెనక నుంచి ఏదో శబ్దం. తేనెటీగల తుట్టె ఒకటి సందులోకి దిగినట్టు ఉంది. తిరిగి చూశాను.

శిరీష నా వెనకే నిలబడి ఉంది. దాని వెనక పళ్ల డాక్టరు. ఆయన వెనక ఇద్దరిద్దరుగా, గీత గీసినట్టు, ఒక్క చక్రం అటూ ఇటూ కాకుండా, సందంతా సైకిళ్లు. ఇంకా వస్తూనే ఉన్నాయి.

"మీరంతా ఈడికి ఏంటికి వస్తిరి?" అన్నాను.

"ఏంటికి అని అడగొద్దన్నారు కదాంటీ," అంది శిరీష.

"వెనక్కి తిరగండి."

"తిరిగే చోటు లేదు మేడం," అన్నాడు పళ్ల డాక్టరు, ఎంతో మర్యాదగా. "మధ్యలో సందు వదలొద్దన్నారని దగ్గర దగ్గరగా వచ్చేశాం." ఆయన ముఖంలో నేను అంతకుముందు ఎప్పుడూ చూడని ఆనందం కనిపించింది.

నా ఫోను మోగింది. ఖాజా.

"అమ్మా, యాడికి పోతాండాం? కొత్త దోవ ఏమన్నా కనిపెడితివా?"

"మా ఇంటికొచ్చినాం ఖాజా."

"అందరమా?"

"అందరం."

"టిఫిన్ ఏమన్నా పెట్టించినావా అమ్మా?"

"లేదప్పా. నీళ్లొచ్చినాయి. నేను ఒగదాన్నే రావాలనుకున్నా. మీరు ఎనకే వచ్చేస్తిరి."

"ముందర జెండా నీదే కదమ్మా," అన్నాడు ఖాజా, జాలిగా. "నేనింకా పెద్దరోడ్డు మీదనే ఉండా. నా ముందర ఇంకా ముప్పై సైకిళ్లు ఉండాయి, సందులోకి పట్టడం లేదు. ఎనక ధర్మవరం బస్సు ఆపి పెట్టినా. డ్రైవరన్న నా మొహంలోకే చూస్తాండాడు."

ఇంతలో సందు మధ్యలో ఖణేల్‌మని ఒక బిందె చప్పుడు. రెండు సైకిళ్ల హ్యాండిళ్ల మధ్య, చంకలో నిండు బిందెతో లక్ష్మిదేవి ఇరుక్కుని ఉంది. తలంటుకోవడానికి పట్టించిన నూనె చెంపల మీదికి కారుతోంది.

"అక్కా, ఈ మెరవణి ఎవరిది?"

"మాదే లక్ష్మీ."

"దేవుడు యాడ?"

"దేవుడు లేడు. సైకిళ్లే."

"దేవుడు లేని మెరవణి నేను యాడా చూడలేదు. నా ఇల్లు ఆ మొదట, నీళ్లు ఈ చివర, మధ్యలో నీ సైకిళ్లు. కొళాయి ఇంక అరగంట ఉంటుందో లేదో. నా బిడ్డ సీమంతానికి ఒగటే బిందె ఇల్లు చేరింది. నేను యా పక్క నుంచి పోవాలో నువ్వే చెప్పు. ఎగరాల్నా?"

ఇళ్ల గుమ్మాల్లో ఆడవాళ్లు ఖాళీ బిందెలు పట్టుకుని నిలబడ్డారు. గుమ్మం దిగుదామంటే కాలు పెట్టేది సైకిల్ చక్రంలోనే. కొళాయి ధార మాత్రం, ఆ ఎండాకాలం మొత్తంలో ఎన్నడూ లేనంత లావుగా, ఎవరూ పట్టుకోకుండా మురుగులోకి పోతోంది. లక్ష్మిదేవి గొంతు మారింది. ఇప్పటిదాకా తిట్టిన మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈపొద్దు నా పరువు పోయిందక్కా," అంది మెల్లగా. తిట్టినప్పుడే నయం.

అలా అని, చంకలోని బిందె బరువు ఆపలేక, పక్కనున్న కుర్రవాడి చేతుల్లో పెట్టింది. ఆ కుర్రవాడు బిందెను చూశాడు. ముందు నుంచి ఏది వచ్చినా వెనక్కి పంపాలని రెండు నెలలుగా నేను నూరిపోసిన పిల్లవాడు. తిరిగి, వెనకవాడి చేతికిచ్చి, "బిందె," అని కేకేశాడు.

వెనకవాడు అందుకున్నాడు. "బిందె."

"బిందె."

"బిందె."

నిండు బిందె నూనె మీద జారినట్టు సైకిళ్ల మీదుగా సందు మొదటికి వెళ్లిపోయింది. లక్ష్మిదేవి నోరు తెరిచి అది వెళ్లినవైపే చూసింది. తర్వాత మూతి బిగించి, ముంగిట్లో ఉన్న ఆడవాళ్ల వైపు తిరిగింది.

"ఏం చూస్తాండారు మే? ఖాళీవి ఈయండి. కుడిపక్క వరస ఖాళీ బిందెలు ఆడికి పంపండి, ఎడంపక్క వరస నిండువి ఇట్ల తేండి. ముందర మా ఇల్లు, ఆమీన మీవి. అక్కా, నువ్వు కొళాయి కాడనుంచి కదిలినావంటే చూడు."

నేను కదల్లేదు. ఇద్దరిద్దరుగా నిలబడమని నేను పెట్టిన పద్ధతి వల్లనే రెండు వరసలున్నాయని చెప్పబోయాను గానీ, అప్పుడు వినే ఓపిక ఎవరికీ లేదు. ఖాళీ బిందె కుడి నుంచి వస్తుంది, నేను నింపి ఎడమకు ఇస్తాను. ప్లాస్టిక్ బిందెలు, స్టీలు బిందెలు, బకెట్లు, పాల క్యాన్లు, చివరికి ఎవరింట్లోదో ఇడ్లీ గిన్నె. మా బిందెలు చేతికి వచ్చినప్పుడు నింపి మా గడప ముందర పెట్టాను. మా గుంపుకని కుట్టించిన తెల్ల చొక్కాలన్నీ తడిసిపోయాయి. పళ్ల డాక్టరు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, "నిండు బిందె, జాగ్రత్త, అంచు పగిలి ఉంది," అని కేకేస్తున్నాడు. ఈసారి లేని కుక్కను కాదు, నిజంగా పగిలిన అంచునే. ఆయన మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

ఖాజా మళ్లీ ఫోను చేశాడు. ఈసారి గొంతులో భయం లేదు.

"అమ్మా, డ్రైవరన్న ఎంతసేపప్పా అని అడిగె. ముందర నీళ్లు పట్టుకుంటాండారన్నా అంటి. 'నీళ్లా? ముందే చెప్పొచ్చు కదప్పా' అని ఇంజను ఆపేసి దిగినాడు. ఎనక లారీవాళ్లు హారన్ కొడితే ఆయనే పోయి గమ్మునుండండి, ఆడ నీళ్లొచ్చినాయి అని చెప్పొచ్చినాడు. ఇప్పుడు ఎవరూ కొట్టడం లేదు."

ఇన్నేళ్లు నా చెవిలో హారన్ కొట్టిన ఊరేనా ఇది అనిపించింది. సైకిల్‌కు దారి ఇవ్వని వాడు కూడా బిందెకు ఇచ్చాడు.

"ఇంకొక మాటమ్మా. బస్సులోవాళ్లు బాటిళ్లు ఇస్తాండారు. పంపమంటావా?"

"పంపు," అన్నాను.

ముప్పావు గంట పాటు కొళాయి ఆగలేదు. ఆగినప్పుడు, దగ్గినట్టు రెండుసార్లు శబ్దం చేసి ఆగింది. అప్పటికి సందులో ప్రతి తొట్టీ అంచు దాకా నిండింది. లక్ష్మిదేవి ఇంట్లో తొట్టి, రెండు డ్రమ్ములు, వంటవాళ్ల గంగాళాలు అన్నీ నిండి, ఇంకా మిగిలితే ఆమె వాకిలి కడిగి ముగ్గు కూడా వేసింది.

ఇక బయటపడాలి. ఖాజా పెద్దరోడ్డు మీద నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినే వెనక్కి తీయించాడు. చివరి జెండా మొదటిదైంది, మొదటి జెండా చివరిదైంది. వెళుతూ వెళుతూ శిరీషను, మిగతా ఆడపిల్లలను లక్ష్మిదేవి గుమ్మం దగ్గర ఆపి, నుదుట కుంకుమ పెట్టి, సీమంతానికి తెచ్చిన ఆకుపచ్చ గాజులు తొడిగింది. ఆ గాజుల చేతులతో హ్యాండిళ్లు పట్టుకుని వాళ్లు రోడ్డెక్కారు. బస్సు కదిలింది. నేను అందరికన్నా చివర నిలబడి, ఆగిన బండ్లన్నిటికీ పేరుపేరునా దండం పెట్టాను. ఖాజా నా దగ్గరికి వచ్చి పసుపు జెండా విప్పుకున్నాడు. బాగా మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు, అంతే. తర్వాత ఇప్పటిదాకా అది నా సైకిల్ ఎక్కలేదు.

ఉపద్రవం ఇంతటితో తప్పిందని మీరు అనుకుంటున్నారు. నేనూ అనుకున్నాను. ఇంటికి వచ్చి స్నానానికని డ్రమ్ము మూత తీశాను. అడుగు కనిపించింది. పొడిగా.

"ఏమండి, మన బిందెలు యాడ?"

మా ఆయన పేపరు దించాడు. "ఇచ్చేస్తినే."

"ఎవరికి?"

"నువ్వు నింపి గడప ముందర పెట్టినావు. లోపలికి ఎత్తుకుందామని వంగినా. ఆ పిల్లోళ్లు 'ఇవ్వండి తాతా' అని చెయ్యి చాచినారు. పాపం అంత ఎండలో నిలబడి అడుగుతాంటే ఎట్ల లేదనేది? ఇచ్చినా. నువ్వు మళ్లా నింపి పెట్టినావు, మళ్లా అడిగినారు. మళ్లా ఇచ్చినా."

అప్పుడు అర్థమైంది నాకు. నేను కట్టిన ఆ వరసలో నీళ్లు పోయేది ఒకే వైపుకు, కొళాయి నుంచి సందు మొదటికి. కొళాయి పక్కనే ఉన్న మా ఇంటికి నీళ్లు తెచ్చే దారి అందులో లేనే లేదు. సందు మొత్తానికి బిందెలు లెక్కపెట్టి నింపిన దాన్ని, మా ఇంటి లెక్క ఒక్కటి సరిచూడలేదు. జీవితమంతా ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టిన మనిషిని.

"మన ఇత్తడి బిందె?"

"అది బస్సు దాకా పోయిందంట. డ్రైవరు సీటు పక్కన పెట్టుకున్నాడంట. ఖాజా ఫోను చేసినాడు. సాయంత్రం బస్సుకు వస్తాది."

సీమంతానికి గంటన్నర ఉంది. నేను పెద్ద ముత్తైదువను, మొదటి అక్షతలు నావే. ఒంటి మీద చెమట, మోకాళ్ల దాకా బురద, ఇంట్లో చుక్క నీరు లేదు. ఖాళీ బకెట్ పట్టుకుని, ఇందాక నేనే ముంచెత్తిన ఆ సందు పొడవునా నడిచి, లక్ష్మిదేవి గుమ్మం ముందు నిలబడ్డాను. లోపల అప్పటికే కదిరి చుట్టాలు దిగారు. ప్రతి ఒక్కరి ముందూ కాళ్లు కడుక్కునే నీళ్లు రెండేసి చెంబులు. లక్ష్మిదేవి పట్టుచీరలో ధగధగలాడుతూ వచ్చి, నన్నూ, నా బకెట్‌నూ పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏమక్కా?"

"రోంత నీళ్లు కావాల లక్ష్మీ."

"నీ ఇల్లు కొళాయి పక్కనే కదక్కా."

నేను బకెట్ ఇంకాస్త ముందుకు చాచాను. ఆమె నవ్వలేదు. నవ్వి ఉంటే అంత సిగ్గు వేసేది కాదు. నా చేతిలోంచి బకెట్ తీసుకుని, తొట్టిలో ముంచి, పైదాకా నింపి తెచ్చింది. ఇవ్వబోయి మళ్లీ వెనక్కి లాక్కుంది.

"ముందు ఒగ మాట చెప్పు. నా బిడ్డ సాచ్చిగా చెప్పాల. ఇంగ ఎప్పుడూ ఆ సైకిళ్లోళ్లను మన సందులోకి తోలుకొని రానని చెప్పు."

నేను బురద కాళ్లతో ఆ గడప ముందు నిలబడి, కుడిచెయ్యి చాచి, కడుపుతో ఉన్న సుజాత సాక్షిగా, కదిరి చుట్టాల సాక్షిగా, నూట పద్దెనిమిది సైకిళ్లను గానీ, అందులో ఒక్కదాన్ని గానీ, ఇక నా జన్మలో ఈ సందులోకి మళ్లించనని గంభీరంగా ప్రమాణం చేశాను.

లక్ష్మిదేవి బకెట్ నా చేతికిచ్చింది. వెనక్కి తిరిగి రెండడుగులు వేసి ఆగింది. నిండిన తొట్టి వైపు ఒకసారి చూసుకుంది.

"కొళాయి వచ్చే దినం తప్ప అని కూడా చెప్పక్కా," అంది.

చెప్పాను.